కాలరక్క ఎడమ చెయ్యి

బట్టల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు చొక్కాలకు కాలర్లు కుట్టిన మనిషి. లైనంతా ఆమెను కాలరక్క అనేవారు. మూర్ఛ ఏ మందుకూ లొంగకపోతే పెద్దాసుపత్రిలో ఆమె మెదడు రెండు సగాలనూ కలిపే నరాల కట్టను కోసేశారు. మూర్ఛ తగ్గింది. కానీ కుడి చెయ్యి గుండీ పెడితే ఒక్కోసారి ఎడమ చెయ్యి విప్పేది.

"నీ చేతులు అత్తాకోడళ్ళక్కా!" అని పక్క మిషను మీద కాజాలు కుట్టే ఆమె నవ్వేది.

"అత్త ఏదో తేలితే చెప్పవే, కాళ్ళకి దణ్ణం పెడతా," అనేది కాలరక్క.

ఆసుపత్రి డాక్టరు నెలకోసారి పిలిపించేవాడు. తెరకి ఎడమ పక్క ఒక బొమ్మను రెప్పపాటు చూపించి, ఏం కనిపించిందనేవాడు. "ఏమీ లేదండీ" అనేది. ఎడమ చెయ్యి మాత్రం బల్ల మీది బొమ్మల్లోంచి సరిగ్గా దాన్నే తీసేది. ఎందుకు తీశావంటే నోరు ఏదో ఒక కారణం అల్లేది.

"అబద్ధం కాదులేమ్మా. ఎడమ పక్క చూసింది మెదడు కుడి సగానికే చేరింది. ఆ సగానికి మాట రాదు. మాటొచ్చే సగం చూడలేదు, అందుకే ఊహించి చెబుతుంది," అని ఆయనే విడమరిచాడు.

ఒక రోజు పనిలో కాలరక్క చూపు సూది మీదే ఉంది. ఉన్నట్టుండి ఎడమ చెయ్యి లేచి గోడనున్న ఎర్ర మీట నొక్కింది. నలభై మిషన్లు ఆగిపోయాయి. ఎడమ పక్క కాజాలామె జడ కొస అప్పటికే మోటారు బెల్టులోకి పోయింది. ఆమె దాన్ని లాక్కుని గబగబా టోపీలో దోపుకుంది. జడ టోపీ బయట కనబడితే అక్కడ పనిలోంచి తీసేస్తారు.

సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు. "ఎందుకాపావ్?"

"కాలు తిమ్మిరెక్కింది సార్," అంది కాలరక్క నోరు, ఏ తడబాటూ లేకుండా.

"తిమ్మిరికి లైను ఆపుతావా తల్లీ? రేపు తుమ్మొస్తే ఫ్యాక్టరీకి తాళం వేద్దామా?"

ఆ మాటే కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించాడు. మూడో రోజు విచారణ. "నేనేం చూళ్ళేదు సార్," అంది కాజాలామె, తల వంచుకుని. ఆమెనేమనగలం? పిల్లలకు తిండి పెట్టేది ఆ ఉద్యోగమే. కాలరక్కను గేటు బయటికి పంపేశారు.

ఆమె డాక్టరు దగ్గరికే పోయి జరిగిందంతా చెప్పింది. ఆయన బల్ల మీద నాలుగు బొమ్మలు పెట్టాడు: కత్తెర, కుళాయి, చెప్పు, జడ. మిషన్లు ఎందుకాపావో చూపించమన్నాడు. ఎడమ చెయ్యి జడ మీద వేలు పెట్టింది.

"నా జడ ఊడిందేమోనండీ..." అని మొదలెట్టి కాలరక్క ఆగిపోయింది. టోపీలోకి జడ దోపుకుంటున్న చేతులు గుర్తొచ్చాయి. "ఓసి నా నోరా! నా పొట్ట కొట్టింది నువ్వటే!"

"అద్భుతం!" అన్నాడు డాక్టరు.

"ఆ మాటే ఫ్యాక్టరీకి రాసివ్వండి సార్. ఆ కాజాలదాని ప్రాణం కాపాడడానికే ఆపానని."

"తగాదాల్లో ఆసుపత్రి తలదూర్చదమ్మా. ఇదిగో, నీ సంగతి నా వ్యాసంలో వేసుకోడానికి ఇక్కడో సంతకం."

ఆమె మెదడు గురించి ప్రపంచానికి చెప్పడానికి వ్యాసం రాస్తాడట. ఆమె కూడు గురించి ఒక్క ముక్క రాయడు.

"సరేనండీ," అంది నోరు, అలవాటుగా. కుడి చెయ్యి కలం అందుకుంది. ఎడమ చెయ్యి కాగితాన్ని ఉండ చుట్టింది. డాక్టరు గడియారం చూసి, ఆ నలిపిన సంగతీ నోట్సులో రాసుకున్నాడు.

"ఇంకో కాగితం ఇస్తానుండు."

"వద్దు సార్. నాకు ఉత్తరం లేదన్నాక మీకు సంతకమూ లేదు. ఇది నోరే చెబుతోంది, రాసుకోండి."

ఆ మాట ఆయన రాసుకోలేదు. ఫ్యాక్టరీలో ఆమె మిషను మీద అప్పటికే ఇంకొకామె కాలర్లు కుడుతోంది.