గాలి మార్చిలో మాత్రమే

మా ఒరింషా అపాకు పాలిస్తే, పాలు చూడదు, గిన్నె ఎవరు కడిగారని అడుగుతుంది. వరసకు నాకు తోడికోడలు, నా భర్త సెంబాయ్ అన్నగారి భార్య. వయసులో పెద్దది గనక అపా అంటాను. కజక్ మైదానం నడిమధ్య కుమ్‌తాం అనే రైల్వే హాల్టులో మేమిద్దరం పంతొమ్మిదేళ్లు గోడకు గోడగా బతికాం. మగవాళ్లు పట్టాలు చూసేవారు, మేము గాలిని తిట్టేవాళ్లం.

కొత్త కాపురానికి నేనక్కడ దిగిన రోజు సామాను వ్యాగనులోంచి దించనేలేదు, అపా ఇంట్లో గొర్రె మాంసం ఉడుకుతోంది. "ఇక్కడ గాలి ఎక్కువా?" అని అడిగాను. "గాలా? మార్చిలో మాత్రమే పిల్లా," అంది. ఆగస్టులో మా పైకప్పు రేకు లేచి పట్టాల మీద పడింది. ఇదేమిటంటే, "ఈ ఏడు మార్చి కాస్త సాగింది," అంది మొహం తిప్పుకోకుండా. నవ్వి ఊరుకున్నాను, చిన్నదాన్ని.

పోయినేడు మా చిన్నది తోల్కిన్‌కు ఏడేళ్లు నిండాయి. సెప్టెంబరులో బడిలో వెయ్యాలి. కుమ్‌తాంలో బడి లేదు. పెద్దవాళ్లిద్దరినీ ఆ వయసుకే హాస్టలుకు పంపాను. సెలవులకు వచ్చినప్పుడు మంచినీళ్లు కావాలన్నా నన్ను అనుమతి అడిగేవారు, చుట్టాలింటికి వచ్చినట్టు. మూడోదాన్ని కూడా అలా పోగొట్టుకునే గుండె నాకు లేదు. సరీబులాక్ పట్టణంలో రెండు కుటుంబాలకూ ఉద్యోగాలు, క్వార్టర్లు ఇస్తామని రైల్వేవాళ్లు కబురు పెట్టారు. బడి వీధి చివరే. కానీ ఒక మెలిక ఉంది. కనీసం రెండు ఇళ్లుంటేనే కుమ్‌తాంలో రైలుతో వచ్చే నీళ్ల వ్యాగను ఆగుతుంది. మేమొక్కళ్లం వెళ్తే అపా ఇంటికి నీళ్లుండవు. కాబట్టి ఆమె ఊ అనాలి. ఊ అనడం ఆమె ఇంటావంటా లేదు.

"అక్కడ బజారుంది అపా," అన్నాను.

"బజారున్న చోట దొంగలుంటారు."

"డాక్టరున్నాడు."

"రోగాలు లేకుండానే పెట్టారా డాక్టర్ని?"

"ఇంటి ముందే కుళాయి. తిప్పితే నీళ్లు."

దీనికి మాత్రం లేచి వెళ్లి నీళ్ల కుండ మూత సరిచేసింది. తర్వాత, "అవతలి కొసన ఎవడు తిప్పుతాడో?" అంది.

నలభై ఒక్క గింజలు గుడ్డ మీద పరిచి శకునం చూసింది. మంచిదని వచ్చింది. మళ్లీ వేసింది. మళ్లీ మంచిదే. "ఈ గింజలకు ఎవరో నూరిపోశారు," అని మూట కట్టేసింది. చివరికి నా పోరు పడలేక, ఒకసారి వెళ్లి చూసొద్దామంది. డబ్బా నిండా మా నీళ్లు మోసుకొచ్చింది, ఆ ఊరి నీళ్లతో టీ ఎలా ఉంటుందో పక్కపక్కన పెట్టి చూడాలట.

సరీబులాక్‌లో మాకిస్తామన్న క్వార్టర్ల ఎదురింట్లో జుబైరా అనే ఆమె ఉంటుంది. మేము గేటు తాకామో లేదో, చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. లోపల పెద్ద గిన్నెలో మాంసం ఉడుకుతోంది. మరో ముగ్గురు ఆడవాళ్లు నూనెలో వేయించిన పిండి ఉండలు, బౌర్సాకులు, పళ్లేల్లో పట్టుకుని తయారు. ఎరులిక్ అన్నారు. కొత్తగా దిగినవాళ్లను పాతవాళ్లు పిలిచి పెట్టే విందు అది. దిగాక పెడతారు. దిగకముందు పెట్టడం నేనూ ఎక్కడా చూడలేదు.

"మేమింకా రాలేదుగా?" అంది అపా గుమ్మంలోనే నిలబడి.

"వస్తారుగా అపా! కూర్చోండి, పరాయివాళ్లలా ఏమిటి?"

టీ గిన్నెలో రెండు గుక్కలకు మించి పొయ్యడం లేదు జుబైరా. మావైపు అది గొప్ప మర్యాద, నిండా పోస్తే ఇక లేవమని అర్థం. అపా ఆ రెండు గుక్కలనూ విషమేమో అన్నట్టు చూసింది.

"మాకిచ్చే ఇంట్లో ఇంతకుముందున్నాయన ఎందుకు ఖాళీ చేశాడు?"

"కూతురి దగ్గరికి వెళ్లాడు," అంది జుబైరా. "పై ఉద్యోగం వచ్చింది," అని అదే క్షణాన రెండో ఆవిడ. మూడో ఆవిడ బౌర్సాకు నోట్లో పెట్టేసుకుంది. అపా కిటికీ దగ్గరికి వెళ్లి వీధంతా చూసింది. పెదాలు కదులుతున్నాయి, ఏదో లెక్కపెడుతోంది. నా ప్రాణం ఉసూరుమంది. పోయింది, నా పిల్ల హాస్టలుకు పోయింది అనుకున్నాను.

ఏదో ఒకటి మాట్లాడాలని, "ఇక్కడ గాలి ఎక్కువా?" అన్నాను.

"గాలా?" అంది జుబైరా, మాంసం వడ్డిస్తూ. "మార్చిలో మాత్రమే."

అపా గిర్రున తిరిగింది. జుబైరాను తలనుంచి కాళ్లదాకా చూసింది. పిలవకుండానే వచ్చి, ఆమె పక్కన కాళ్లు మడిచి కూర్చుంది.

"పద్నాలుగిళ్లు. ఏడింటికి తాళాలున్నాయి," అంది మెల్లగా. "ఎన్నిళ్లకు తగ్గితే కుళాయి కట్టేస్తామన్నారమ్మా?"

జుబైరా గరిటె గిన్నెలో పెట్టేసింది. మిగతా ముగ్గురూ తలలు దించుకున్నారు.

"ఎనిమిదికి తక్కువైతే," అంది. "చలికాలం దాకా గడువిచ్చారు. మీరు రెండిళ్లు వస్తే తొమ్మిది అవుతాం. మోసమనుకోకండి అపా..."

"మోసమే," అంది అపా. మాంసం ముక్క నోట్లో పెట్టుకుంది. "ఉప్పు సరిపోయింది."

తిరుగు రైల్లో నాకు నెమ్మదిగా వెలిగింది.

"నేను దిగిన రోజు... కుమ్‌తాంలో అప్పటికి మీ ఇల్లొక్కటే ఉందా?"

"అంతకు వారం ముందే పక్కింటివాళ్లు పోయారు. నీళ్ల వ్యాగనువాళ్లు రెండు వారాలే చూస్తామన్నారు. నీకు నిజం చెప్తే దిగేదానివా?"

ఒళ్లు మండిపోయింది. పంతొమ్మిదేళ్లు, హాస్టలు పాలైన ఇద్దరు పిల్లలు, ఆ గాలి! "నోరారా అబద్ధం చెప్పావు నాకు!" అని అరిచాను. పెట్టెలో అందరూ చూశారు.

"చెప్పాను. దాహంతో చెప్పాను," అంది అపా, గొంతు పెంచకుండా. "నీ ముగ్గురి కాన్పులూ ఎవరు చేశారు? నీకు జ్వరమొస్తే మంచం పక్కన ఎవరున్నారు? మనతో పనున్నవాళ్లు మనల్ని వదలరు పిల్లా. నేను నిన్ను వదిలానా?"

నాకు ఏడుపొచ్చింది. కోపంతోనే ఏడ్చాను. ఆమె డబ్బా మూత తీసి మా నీళ్లే తాగడానికిచ్చింది.

ఆగస్టు చివర రెండు కుటుంబాలూ సరీబులాక్‌కు మారిపోయాం. తోల్కిన్ మధ్యాహ్నానికల్లా బడినుంచి వచ్చి, అడక్కుండా కుండలో ముంచుకుని తాగుతుంది. అపా ఇప్పటికీ కుళాయి తిప్పే ముందు దానివైపు ఒక చూపు చూస్తుంది.

వసంతం చివర, మే నెలలో, పదో ఇంటికి ఒక జంట చూడటానికి వచ్చింది. అపా పొయ్యి మీద మాంసం పెట్టింది. బయట దుమ్ము లేచి కిటికీ దడదడలాడింది. ఆ పిల్ల, కడుపుతో ఉంది, నావైపు తిరిగి అడిగింది.

"ఇక్కడ గాలి ఎక్కువా అక్కా?"

అపా నన్నే చూస్తోంది. ఆ పిల్ల గిన్నెలో రెండు గుక్కల టీ పోశాను.

"మార్చిలో మాత్రమే," అన్నాను.