మోదుగకు ఆకులెక్కువయ్యాయి

నన్ను బిలాస్‌పూర్ బండి ఎక్కించింది ఒక పోస్టుకార్డు. నేను చెట్ల బొమ్మలు గీస్తాను. వారపత్రికలో పడిన నా మోదుగ కొమ్మ చూసి, అక్కడి రిటైర్డ్ రైల్వే గార్డు అప్పలనాయుడుగారు రాశారు: ‘బొమ్మ బాగుంది గానీ తప్పు. మోదుగ పూసినప్పుడు ఆకుండదు.’ అదే బొమ్మ నా మొదటి పుస్తకానికి అట్ట. సోమవారం ప్రెస్సుకు వెళ్లాలి. ఆ కార్డు మీద ఒళ్లు మండింది, నిజమేమోనని భయమూ వేసింది. శుక్రవారం సాయంత్రం విశాఖలో స్లీపర్ ఎక్కేశాను. అది 2006 మార్చి మొదటి వారం.

ఎదుటి బెర్తులో కోర్బా వెళ్లే బ్యాంకు ఉద్యోగి. ‘‘ఒక్క పువ్వు కోసం ఇంత దూరమా?’’ అన్నాడు. ‘‘పువ్వుతో గొడవ లేదండీ, ఆకుతోనే,’’ అన్నాను. రాయ్‌పూర్‌లో సమోసాలు తిని, శనివారం పదకొండున్నరకు బిలాస్‌పూర్‌లో దిగాను. స్టేషన్ ఎదురుగా లాడ్జి దొరికింది. వేడినీళ్లు మాత్రం అడిగితే గానీ ఇవ్వరు.

కార్డు మీది నంబరుకు ఫోన్ చేస్తే నాయుడుగారు స్కూటర్ మీద వచ్చి, ఊళ్లోనే తోర్వా అనే పేటలోని తన ఇంటికి తీసుకెళ్లారు. భోజనాలయ్యాక నా అట్ట బొమ్మ, దాని పక్కన నేను చూసి నేర్చుకున్న పాత బొమ్మల నకళ్లు పరిచాను. ఓడల్లో దేశాలు తిరిగిన దొరల వెంట చిత్రకారులుండేవారు. ఓడ ఆగినన్నాళ్లు గీసేవారు, మిగతాది ఎండిన కొమ్మలు చూసి పూర్తిచేసేవారు. కాగితం ఒక్కటే కాబట్టి ఏడాదిలో వచ్చే ఆకూ పువ్వూ కాయా ఒకే రెమ్మకు తగిలించేవారు. నేను గీసిందీ ఆ పద్ధతే.

‘‘అచ్ఛా! అయితే ఒకే లైను మీదకి రెండు బళ్లు ఒగ్గీసినారన్నమాట,’’ అన్నారాయన. నా బొమ్మ మీద వేలు పెట్టి, ‘‘మరి ఈ సిక్కుడుకాయేటి? ఏ చెట్టుదో తెచ్చి అతికీసినారు.’’

‘‘అది మోదుగ కాయేనండీ.’’

‘‘ముప్పై ఏళ్లు గార్డు పెట్టిలోంచి సూసినానమ్మా. దానికి కాయే లేదు.’’

పట్టిన కుందేటికి మూడే కాళ్లు, ఇద్దరికీ.

మూడు గంటల పాసింజర్‌లో పక్క స్టేషను గతౌరాకు వెళ్లాం. పావుగంట ప్రయాణం. పొలం గట్ల వెంట కాసేపు నడిస్తే చెట్టు కనపడింది. ఒళ్లంతా ఎర్రటి పువ్వులు, ఆకన్నది ఒక్కటీ లేదు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. నాయుడుగారు పెళ్లికొడుకు తండ్రిలా నిలబడ్డారు.

‘‘పరసా కే పేడ్ ఆయ్,’’ అంది అక్కడ మేకలు కాస్తున్న ముసలమ్మ, అది మోదుగని మాకు తెలియదేమోనని. దీనికి కాయ కాస్తుందా అని అడిగాను. పక్క చెట్టు ముందే పూసిందట, దాని కింది కొమ్మ వంచి చూపించింది. అరచేతి పొడవున పలచటి లేత కాయ. కొసన ఒకే గింజ.

నాయుడుగారు కళ్లజోడు తుడుచుకుని దాన్ని చాలాసేపు తడిమారు.

‘‘ముప్పై ఏళ్లు దీని పక్కనుంచే ఎల్లినానమ్మా. దిగితే గదా!’’ అని పెద్దగా నవ్వేశారు. నాకూ నవ్వాగలేదు. ఆయన మీద కోపం అక్కడితో పోయింది.

అక్కడే గట్టు మీద కూర్చుని పూల కొమ్మను బోడిగా గీశాను. ఆకునూ కాయనూ విడిగా కింద వేశాను. ‘‘టైమ్ టేబుల్లో ఏ బండి ఏ ఏలకో రాత్తాం గదా, ఈటికీ నెలలు రాయండి,’’ అన్నారు నాయుడుగారు. రాశాను. స్టేషన్ దగ్గరి బూత్ నుంచి ప్రెస్సుకు ఫోన్ చేసి, సోమవారం పొద్దున్నే కొత్త అట్ట తెస్తానని చెప్పాను.

ఆదివారం మధ్యాహ్నం ఆయన బండి ఎక్కించి, కిటికీ పట్టుకుని అన్నారు: ‘‘బండిలోంచి సూసి సెప్పినోడి మాట నమ్మకండమ్మా. నాదైనా సరే.’’

రాయ్‌పూర్ ఇంకా రాలేదు. పట్టాల పక్కన ఒక మోదుగ నిండా పూసి ఉంది. కొమ్మ కొసన మూడు పచ్చటి ఆకులున్నట్టే అనిపించింది. గబగబా పెన్సిల్ తీశాను. చెట్టు వెనక్కి వెళ్లిపోయింది. పెన్సిల్ మళ్లీ సంచిలో పెట్టేశాను. దిగి చూడలేదు కదా.