అవ్వ చేతిలో నిండు చెంబు

నా చిన్నప్పుడు బోధన్‌లో చెరుకు బండ్లు మొదలయ్యాయంటే మా బడి పిల్లల కాళ్లు ఇంట్లో నిలిచేవి కావు. చక్కెర ఫ్యాక్టరీ గేటు దాకా బండ్లు బారులు తీరి మెల్లగా కదిలేవి. ఆ కదిలే బండి వెనుక పరుగెత్తి, బండాయన చూడకుండా గడ లాగడం మాకు పెద్ద విద్య. ఎనిమిదేళ్లప్పుడు నేనూ అలాగే ఒక గడ పట్టుకుని వేలాడాను. గడ ఊడి రాలేదు. పాదం బండిబాట గాడిలో ఇరుక్కుంది. ఒళ్లు ఒకవైపు, మోకాలు ఇంకోవైపు తిరిగాయి.

నిజామాబాద్ తీసుకెళితే, ఎముక విరగలేదన్నారు డాక్టరుగారు. కీలును కదలకుండా పట్టి ఉంచే పట్టీ లాంటిది కొంత తెగిందని చెప్పి, తొడ నుంచి మడమ దాకా సిమెంటు కట్టు వేశారు. దాన్ని విప్పిన రోజు నా కాలు చూసి మా అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. మేం అమ్మను అవ్వ, నాన్నను బాపు అనే పిలిచేవాళ్లం. కాలు రసం పిండేసిన గడలా ఉంది. మోకాలు వంగదు, బరువు మోయదు. రోజూ కసరత్తు చేయించకపోతే ఇలాగే బిగుసుకుపోతుందని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు.

ఆ మాట అవ్వకు ఎక్కలేదు. నొప్పి ఉన్న కాలిని కదిలించడమేమిటని పసుపు, సున్నం కలిపి పట్టు వేసి, గుడ్డ చుట్టి, నన్ను నేల మీద పాదం మోపనిచ్చేది కాదు. పెరట్లోకి కూడా ఎత్తుకునే తీసుకెళ్లేది. నాకూ అది హాయిగానే ఉండేది. నెల తిరిగేసరికి మోకాలు కొయ్యబారింది. ఇక కుంటిదాన్నే అవుతానని మా బాపు కూడా లోలోపల అనుకున్నాడట.

మా పక్కింట్లో ఒక ముసలాయన ఉండేవారు. ఒకప్పుడు తాలీంఖానాలో కుర్రాళ్లకు కుస్తీ నేర్పిన మనిషి. పిల్లలమంతా పహిల్వాన్ తాత అనేవాళ్లం. అవ్వ నన్ను చంకన వేసుకుని పోవడం చూసి ఒకరోజు గోడ మీది నుంచి పలకరించారు.

"ఏం బేటీ, పెండ్లికి గూడ అవ్వ సంకల్నే పోతవా?"

నాకు ఏడుపొచ్చింది. అవ్వకు కోపమొచ్చింది. "పిల్లకు నొస్తది చాచా. తల్లి పానం నీకేమెరుక?"

"నాకు కాళ్లు ఎరుకనే బిడ్డా," అన్నారాయన నెమ్మదిగా.

మరునాటి నుంచి పొద్దున్నే మా అరుగు మీదికి వచ్చేవారు. తడి తువ్వాలను చుట్ట చుట్టి ఇత్తడి పళ్లెంలో పెట్టి, దాని మీద నా మోకాలు ఆనించేవారు. "గిది నీ గానుగ. రసం తియ్యి సూద్దాం." మోకాలిని కిందికి ఒత్తాలి, అయిదు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి, వదలాలి. మొదటి రోజు చుక్క రాలేదు. నాలుగో రోజుకు పళ్లెం తడిసింది. తరువాత మంచం పట్టె మీద కూర్చోబెట్టి కాలు చాపడం, మడమను వెనక్కి లాక్కోవడం నేర్పారు. కొంచెం నొప్పయితే ఓర్చుకోమనేవారు, పొడిచినట్టయితే వెంటనే చెప్పమనేవారు. నేను మూలిగినప్పుడల్లా అవ్వ చేయి నా మోకాలి కిందికి వచ్చేది. ఆ చేయి తగలగానే నా కాలు పని మానేసేది. ఆయన అది చూస్తూనే ఉండేవారు.

కొన్ని వారాలకు నడక మొదలుపెట్టాలన్నారు. ఆ రోజు నన్ను గోడకు ఆనించి నిలబెట్టి, పెద్ద చెంబు అంచు దాకా నీళ్లు నింపి, వాకిలి అవతల నిలుచున్న అవ్వ చేతుల్లో పెట్టారు.

"రెండు చేతుల వట్టుకో బిడ్డా. వీటితోటి పనున్నది. చుక్క గూడ కింద పడొద్దు. పడ్డదో, ఇయ్యాల నడిపియ్య."

ఏవో మంత్రించిన నీళ్లనుకుంది కాబోలు, అవ్వ ఊపిరి బిగబట్టి నిలబడింది. నేను గోడ వదిలాను. నాలుగు అడుగులు పడ్డాయి. అయిదో అడుగులో మోకాలు వణికి ఒరిగాను. "అవ్వా!" అని అరిచాను. అవ్వ ముందుకు వంగింది. చెంబులో నీళ్లు అంచు మీదికొచ్చి ఆగాయి. ఆమె నీళ్లను చూసింది, నన్ను చూసింది. చేతులు రాలేదు.

ఎప్పుడూ వచ్చే చేయి రాకపోయేసరికి నా తొడలో ఏదో బిగుసుకుంది. తువ్వాల పిండిన బలమే అది. నిలదొక్కుకున్నాను. ఇంకో మూడు అడుగులు వేసి అవ్వ చీర కుచ్చిళ్లు పట్టుకున్నాను.

అవ్వ కళ్లనీళ్లతో, "చాచా, గీ నీళ్లేం జెయ్యాలె? కాళ్ల మీద పొయ్యాల్నా?" అని అడిగింది.

ఆయన చెంబు అందుకుని, తల పైకెత్తి గటగటా తాగేశారు. "దూప అయితున్నదే. పొద్దటి సంది మంచినీళ్లు గూడ అడగకపోతివి."

అవ్వ ఆ ఖాళీ చెంబును, తన ఖాళీ చేతులను మార్చి మార్చి చూసుకుంది. తరువాత నేల మీద కూలబడి, నన్ను పట్టుకుని నవ్వుతూ ఏడ్చింది.

ఆయన నడిపించింది నన్నేనని చాలా ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడు నా కొడుక్కి పదకొండు నెలలు. వాడు గోడ వదిలితే చాలు, నా చేతులు వాడికంటే ముందే పరుగెత్తుతున్నాయి. చదివిన చదువేమీ ఆ చేతులను ఆపడం లేదు. నిన్న సాయంత్రం వాడు మంచం కోడు వదిలి నా వైపు తిరిగాడు. నేను గబగబా బిందెలో చెంబు ముంచి తెచ్చి, రెండు చేతులా పట్టుకుని వాడికి ఎదురుగా నిలబడ్డాను.

నా చెంబులో నీళ్లు సగం ఒలికిపోయాయి. కానీ వాడు వచ్చేదాకా చెంబు వదల్లేదు.