గుండెకాయకు తలుపులుంటాయని చూపించిన అక్క

నా చిన్నప్పుడు, కర్నూలు మనకు రాజధానిగా ఉన్న ఆ కొద్ది కాలంలో, మా జమ్మలమడుగు ఇంట్లో అందరికంటే పెద్ద గొంతు మా జేజిది. నాయనను కన్న తల్లి. ఆమె వాకిట్లో నిలబడి మా అమ్మను పిలిస్తే, మూడిళ్ళ అవతలి కోడళ్ళు కూడా భయపడి పలికేవాళ్ళు. అట్లాంటి మనిషికి ఆ యేడు మాట మధ్యలో ఆగడం మొదలైంది. పెరట్లోంచి వంటింటికి వచ్చేలోపల రెండుసార్లు గోడ పట్టుకునేది. సాయంత్రానికి పాదాలు పొంగేవి. వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపు ఆ గుంట అట్లాగే ఉండేది.

ఆసుపత్రిలో చూపిస్తే గుండె బలహీనపడిందన్నారు. రోజుకొక చిన్న మాత్ర వేసుకోవాలి, ఉప్పు తగ్గించాలి, వెల్లకిలా పడుకోకుండా వీపు వెనక ఎత్తు పెట్టుకోవాలి. జేజికి ఎక్కడలేని కోపం వచ్చింది. "రెండు కరువులు దాటిచ్చి నలుగురు బిడ్డల్ని సాకినదాన్ని. నాకు బలహీనమంటాడా వాడు?" అని ఆ డాక్టరును వారం రోజులు తిట్టింది. మాత్ర మింగేది గానీ ఉప్పు దగ్గర మాత్రం లొంగలేదు. సంగటిలోకి ఊరుబిండి పచ్చడి లేకపోతే ముద్ద దిగదు, ఊరుబిండి చప్పగా ఉంటే అసలే దిగదు. అమ్మ చూడకుండా నాకు సైగ చేసేది. నేను గుప్పిట్లో నాలుగు ఉప్పురాళ్ళు తెచ్చి పళ్ళెం అంచున వేసేదాన్ని. జేజికి నేనంటే ప్రాణం, నాకు ఆమె అంటే ప్రాణం. ఆ ప్రేమతోనే రోజూ ఆ పని చేశాను. నాకప్పుడు పదేళ్ళు.

మా పెరటిగోడ అవతల ఒక అక్క ఉండేది. మిషన్ ఆసుపత్రిలో నర్సు. తాతల నాడే ఏసుమతంలో కలిసిన కుటుంబం వాళ్ళది. మా ఇంట్లో ఆమెను వసారా దాకే రానిచ్చేవాళ్ళు. దాహం అడిగితే చెంబు చేతికివ్వకుండా పైనుంచి దోసిట్లోకి నీళ్ళు పోసేవాళ్ళు. అందులో తప్పుందని నాకు తోచలేదు. అందరూ చేసేది అదే, నేనూ చూస్తూ పెరిగాను. కానీ నా కబుర్లన్నీ గోడ మీదుగా ఆ అక్కతోనే.

ఒకరోజు ఆమెనే అడిగాను, మా జేజి గుండె అలిసిపోయి ఆగిపోతుందా అని. అడుగుతూనే ఏడ్చేశాను. ఆమె బుజ్జగించలేదు. "ఆదివారం రా. గుండెకాయ ఎట్లుంటాదో చూపిస్తా. చూస్తే సగం భయం పోతాది" అంది.

ఆదివారం చర్చి నుంచి వస్తూ మాంసం కొట్టు సాయిబు దగ్గర పొట్టేలు గుండెకాయ తెచ్చింది. ఆయన అలవాటు కొద్దీ చీల్చి ఇవ్వబోతే, చీల్చకుండా ఇమ్మని బతిమాలిందట. లోపలి నెత్తుటి గడ్డలు కడిగేసి నా చేతిలో పెట్టింది. నేను మెత్తగా ఉంటుందనుకున్నాను. బిర్రుగా, బరువుగా ఉంది. పైనున్న పల్చటి సంచిలోకి చెంబుతో నీళ్ళు పోసి, "ఇప్పుడు కింద పట్టుకోని గట్టిగా పిండు" అంది. పిండాను. పైనున్న తెల్లని గొట్టంలోంచి నీళ్ళు చివ్వున లేచి నా ముఖాన కొట్టాయి. ఇద్దరం నవ్వాం. నీళ్ళు పోసిన దారిన మాత్రం వెనక్కి చుక్క రాలేదు.

ఎందుకు రాలేదో చూపించడానికి అప్పుడు బ్లేడుతో చీల్చింది. లోపల పల్చటి తెల్లని రెక్కలు, వాటి అంచులకు సన్నని దారాలు. నెత్తురు లోపలికి వచ్చేటప్పుడు ఆ రెక్కలు తలుపుల్లా తెరుచుకుంటాయి. గుండె బిగుసుకోగానే మూసుకుంటాయి. ఎద మీద చెవి పెడితే వినిపించేది ఆ తలుపులు మూసుకునే చప్పుడేనని చెప్పింది. గుండెకాయ అంటే ప్రాణం దాక్కునే చోటేదో అనుకుంటూ వచ్చినదాన్ని, అది పని చేసే కండ అని ఆ రోజు తెలిసింది. కుడివైపు గోడ పల్చన, ఎడమవైపు గోడ నా బొటనవేలంత మందం. కుడిపక్క నెత్తురు పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పోతే చాలు. ఎడమపక్క నెత్తురు తల నుంచి కాలిగోటి దాకా పోవాలి. అందుకని దానికి ఆ బలం.

"మరి అది పడుకునేదెప్పుడు?" అని అడిగాను.

"కొట్టుకున్నాక మల్లా కొట్టుకునే లోపల. ఒక దినంలో అది చేసే పనికంటే తీసుకునే విశ్రాంతే ఎక్కువ మే. పరిగెత్తిస్తే మాత్రం ఆ విశ్రాంతి తగ్గిపోతాది. అందుకే మీ జేజిని నిదానంగా నడవమనేది."

జేజికి ఆ ఎడమపక్క కండ సడలిందట. వచ్చిన నెత్తురంతా ముందుకు తోయలేకపోతే, అది వెనక ఊపిరితిత్తుల్లోనే నిలిచి అక్కడ నీరు ఊరుతుంది. పండుకుంటే కాళ్ళలో ఉన్నది కూడా ఎదకు చేరి ఆ నీరు పెరుగుతుంది. కూర్చోబెడితే కిందికి దిగి ఊపిరాడుతుంది. అన్నీ చెప్పి చివరకు, "ఉప్పు తింటే ఒంట్లో నీరు నిలుస్తాది, అదే చేటు" అంది. నా గుప్పిట్లోని ఉప్పు సంగతి ఆమెకు చెప్పలేకపోయాను. ఆ రోజు అదే గుండెకాయను ఆమె కూర వండితే తిన్న సంగతి మా అమ్మకూ చెప్పలేదు.

మరునాటి నుంచి జేజి సైగ చేస్తే నేను తల దించుకునేదాన్ని. "నువ్వు గూడా వాళ్ళలో కలిసిపోతివా?" అంది. ఆ మాటకు నేను తినకుండా లేచిపోయాను.

తర్వాత కొన్నాళ్ళకు ప్రొద్దుటూరులో బంధువుల ఇంట పెళ్ళి. జేజి పట్టుబట్టి వెళ్ళింది. రెండు రోజులు ఊరగాయలూ పులుసులూ కడుపునిండా తిని వచ్చింది. వచ్చిన మరునాటి మధ్యాహ్నం కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. గొంతులో గురగుర, నోట నురగ, పెదవులు నేరేడుపండు రంగు. నాయన ఊళ్ళో లేడు. కబురందుకుని మా పెదనాయన పరిగెత్తుకొచ్చాడు. తల్లిని చూడగానే గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

"మంచం దించండి" అన్నాడు.

మా వైపు మంచం మీద ప్రాణం పోకూడదు. పోతే ఆ జీవికి దారి దొరకదని నమ్మకం. నాపరాతి నేలమీద చాప పరిచి జేజిని వెల్లకిలా పండబెట్టారు. ఆడవాళ్ళు తులసి నీళ్ళు తెచ్చారు. పెదనాయన వాకిట్లోకి పోయి కట్టెలకు ఎవరిని పంపాలో, ఏ ఊరికి కబురు పంపాలో మాట్లాడుతున్నాడు. పండబెట్టగానే జేజి గురగుర రెండింతలైంది, మెడ నరాలు ఉబ్బాయి. "కూర్చోబెట్టండి, జేజిని కూర్చోబెట్టండి" అని అరిచాను. "గమ్మునుండు మే" అని ఎవరో నన్ను పక్కకు లాగారు. నేను విదిలించుకుని గోడ దూకాను.

అక్క రాత్రి డ్యూటీ చేసి నిద్రపోతోంది. జుట్టు ముడైనా వేసుకోకుండా వచ్చింది. వసారా దాటి, గడప దాటి నేరుగా లోపలికి వచ్చేసింది. పెదనాయన అడ్డం నిలబడ్డాడు. "మంచం దించినాక మల్లా ఎక్కిచ్చగూడదు. పోయే ప్రాణాన్ని నిమ్మళంగా పోనీ" అన్నాడు. ఆయన కఠినుడు కాదు, పాపం. తల్లికి చేయగలిగిన చివరి మంచి అదేనని నమ్మాడు.

అక్క వాదన పెట్టుకోలేదు. "మంచమెక్కియ్యను మామా. ఆమె నేలమీదే ఉంటాది. కూర్చోగూడదని ఏమన్నా ఉండాదా?" అని అడిగింది.

కూర్చోకూడదని ఏ పెద్దా చెప్పలేదు మరి. పెదనాయన ఆలోచించుకునేలోపే ఆమె జేజి వెనక చతికిలబడి, చంకల కింద చేతులేసి లేపి, తన ఎదకు ఆనించుకుంది. గడప దగ్గరికి జరుపుకుని, నన్ను పిలిచి కాళ్ళు మెట్టు కిందికి వేలాడదీయమంది. నేను ఆ ఉబ్బిన పాదాలు పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి గురగుర తగ్గింది. ఇంకొంచెం సేపటికి జేజి కళ్ళు తెరిచింది. అట్లాగే కూర్చోబెట్టుకుని జట్కాలో ఆసుపత్రికి తీసుకుపోయాం. దారంతా అక్క జేజి వీపుకు ఆసరాగా వెనకే కూర్చుంది.

పన్నెండో రోజు జేజి ఇంటికి వచ్చింది. మా అమ్మ అక్కను లోపలికి పిలిచి చాప వేసి, చెంబు చేతికే ఇచ్చింది. చూసిన పెదనాయన కొన్నాళ్ళు మా ఇంట్లో నీళ్ళు తాగలేదు. తర్వాత మరిచిపోయాడు.

ఆయన పలకరించడానికి వస్తే జేజి తలైనా తిప్పకుండా, "ఏమప్పా, కట్టెలకు ఎవుర్ని పంపిచ్చినావు చివరికి?" అంది. అందరూ నవ్వారు. పెదనాయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆయన వెళ్ళిపోయాక నేను ఉప్పు సంగతి చెప్పి ఏడిస్తే, జేజి నా తల ఒళ్ళో పెట్టుకుని, "అడిగింది నేను గదా, ముండా" అంది. తర్వాత మెల్లగా చెప్పింది.

"అన్నీ ఇన్యా మే. ఒక్కొక్క మాటా ఇనపడ్తానే ఉండె. నేను బతికే ఉండానని చెప్పాలని శానా చూస్తి. ఊపిరి లేక నోరు రాలే. నువ్వు అరిసింది గూడా ఇన్యా."

ఆమె ఇంకా మూడేళ్ళు బతికింది. నాకిప్పుడు ఆమె కంటే పెద్ద వయసు. ఇన్నేళ్ళలో ఎన్నో మంచాల పక్కన నిలబడ్డాను. ఎవరైనా రోగి తల దగ్గర చేరి "ఇంక లాభం లేదు" అని గుసగుసలు మొదలుపెడితే, చిన్నా పెద్దా చూడకుండా బయటికి తరుముతాను. నా నోరు మంచిది కాదని పులివెందుల దాకా పేరుంది, ఉండనీ. మా ఆయన చివరి నాలుగు రోజులు కన్ను తెరవలేదు. వీపు వెనక దిండ్లు ఎత్తి, ఎద మీద అరచెయ్యి పెట్టుకుని, శనక్కాయల ధర ఎంతుందో, వాన ఎంత పడిందో, ఏ మనవడు అన్నం తినకుండా అలిగాడో అన్నీ చెబుతూ కూర్చున్నాను. దుఃఖంలో మతి చలించిందనుకున్నారు. ఒక్కరికీ సంజాయిషీ చెప్పలేదు. అరచేతి కింద ఆయన గుండె ఇంకా కొట్టుకుంటోంది, నేను చెప్పాల్సినవి ఇంకా మిగిలి ఉన్నాయి.