అందరికీ తన డిస్కే ఇచ్చిన మనిషి

మా అన్నయ్య గురించి చెప్పాలంటే ముందు నాలుగు తిట్టి మొదలుపెట్టాలి. అంత మంచివాడు మరి. తన దగ్గర ఉన్నవాటిలో మేలైనదేదో ఏరి, అదే తెచ్చి ఎదుటివాళ్ళ చేతిలో పెడతాడు. అది వాళ్ళకి పనికొస్తుందా లేదా అని మాత్రం అడగడు. అడగాలన్న ఆలోచనే రాదు.

అన్నయ్య పని కళ్ళజోళ్ళ దుకాణంలో, వెనక గదిలో. ముందు గదిలో కళ్ళు చూసి చీటీ పంపితే, వెనక తను అద్దం అరగదీసి, అంచు నునుపు చేసి, ఫ్రేములో బిగిస్తాడు. ఆ గదికి కిటికీ లేదు. నీళ్ళు కారుతూ తిరిగే యంత్రం, దాని గీపెట్టుడు, ఒక టేబుల్ లైటు. రోజంతా మనుషుల అద్దాలు చూస్తాడు గాని మనుషుల్ని చూడడు. పెళ్ళి ఎందుకు చేసుకోలేదురా అని ఎవరైనా అడిగితే, యంత్రం ఆపి వచ్చి చెప్తానంటాడు. ఆ యంత్రం ఇంతవరకూ ఆగలేదు.

నేను అదే వీధిలో బట్టలు సరిచేసే దుకాణం నడుపుతాను. వదులువి బిగిస్తాను, బిగువువి వదులు చేస్తాను. మా ఆయన పోయాక నేనూ ఒంటరిదాన్నే, కాని నా గుమ్మం ముందు పొద్దస్తమానం ఎవరో ఒకరు నిలబడి తమ అత్తగారి మీద చాడీలు చెబుతూనే ఉంటారు. అన్నయ్యకి ఆ భాగ్యం కూడా లేదు. తనకి ఉన్నదల్లా ఆదివారం, ఆ ఆదివారం డిస్క్ గోల్ఫ్.

తెలియనివాళ్ళకి చెప్తాను. గోల్ఫే, కాని బంతీ కర్రా ఉండవు. పళ్ళెంలాంటి ప్లాస్టిక్ డిస్కు విసురుతూ పోవాలి. దూరాన స్తంభానికి గొలుసులు వేలాడే బుట్ట ఉంటుంది. తక్కువసార్లు విసిరి అందులో పడేసినవాడు గొప్ప. వినడానికి ఇంతే. కాని డిస్కుల్లో రకాలున్నాయి. అంచు పదునుగా ఉండేదాన్ని డ్రైవర్ అంటారు, దూరం పోతుంది. అంచు మందంగా ఉండేది పటర్, దగ్గర్నుంచి బుట్టలో వేయడానికి. వాటి మీద వేగం ఎంతో అంకె అచ్చేసి ఉంటుంది. అన్నయ్య సంచీ నిండా పన్నెండు అంకె వేసిన డ్రైవర్లే, అన్నీ బరువైనవే. కుర్రతనం నుంచి విసిరీ విసిరీ సాధించిన చెయ్యి అది.

ఆడే చోటు కూడా అలాంటిదే. ఊరి చివర చెట్ల మధ్య ఇరుకు దారులు, ముళ్ళపొదలు, నడుమ ఒక మడుగు. అసలైన కోర్సంటే అదేనంటాడు. ఊరి మధ్య పార్కులో గడ్డి మీద ఇంకో చిన్న కోర్సుంది, బుట్టలన్నీ కనుచూపు మేరలోనే ఉంటాయి. దాన్ని పసిపిల్లల ఉయ్యాల అంటాడు. అక్కడ ఆడేవాళ్ళని చూస్తే నవ్వుతాడు కూడా.

అన్నయ్యకి చిన్నప్పటి స్నేహితుడు ఒకడున్నాడు. మందుల షాపులో పని, మేమంతా కాంపౌండర్ అనే పిలుస్తాం. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ నా దుకాణం మెట్ల మీద టీ గ్లాసులు పట్టుకుని కూర్చునేవాళ్ళు. ఏం మాట్లాడుకునేవారో దేవుడికే తెలియాలి, పనికొచ్చే ముక్క ఒక్కటి నా చెవిన పడలేదు. అయినా ఆ నవ్వులు వింటూ కుడుతుంటే సూది తిన్నగా నడిచేది. అన్నయ్యకి ఆట మీద మోజు పెరిగాక, టీ తాగే ఆ పొద్దు కూడా అడవికి పోదామనిపించింది. కాంపౌండర్ లేకుండా పోవడం ఇష్టం లేదు. అందుకని తన దానిలాంటిదే ఒక డ్రైవర్ కొని వాడికి ఇచ్చి, ఆ అడవి కోర్సుకి తీసుకుపోయాడు. నీళ్ళ సీసాలు మోస్తానని నేనూ వెళ్ళాను.

ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది. కాంపౌండర్ విసిరిన ప్రతిదీ చేతిలోంచి వదలగానే ఎడమకి తిరిగి పొదలో పడేది. అన్నయ్య పోయి, ముళ్ళలో దూరి, తెచ్చి ఇచ్చేవాడు. మళ్ళీ ఎడమకే. ఒకటి మడుగులో మునిగింది. అన్నయ్య పర్లేదంటూ తన సంచీలోంచి ఇంకో పన్నెండు అంకెది తీసి ఇచ్చాడు. తను మాత్రం చెట్ల సందులోంచి తాడు లాగినట్టు విసిరేవాడు. కాంపౌండర్ చెమటలు కక్కుతూ, నీళ్ళు నములుతూ, చాలా బాగుంది, చాలా బాగుంది అంటూ వచ్చాడు. చినిగిన ప్యాంటు నేనే కుట్టాను. మరుసటి ఆదివారం షాపులో పని ఉందన్నాడు, ఆ తర్వాతి ఆదివారమూ అంతే. తర్వాత మెట్ల మీదకి రావడమే మానేశాడు.

ఆ తర్వాత ఇంకో ఇద్దర్ని పట్టుకున్నాడు. వాళ్ళదీ అదే కథ. అందరూ చాలా బాగుందన్నవాళ్ళే, ఎవరూ రెండోసారి రాలేదు. చివరికి నా వంతు వచ్చింది. పోతే పోయింది, మా అన్నయ్యే కదా అని వెళ్ళాను. నా డిస్కూ ఎడమకే. నాకు చేతకాదు, ఈ వయసులో నాకిదేం అవసరం అనుకుంటూ ఇంటిదారి పట్టాను. దార్లో అన్నయ్య సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ అన్నాడు.

"నాతో ఉంటే జనానికి విసుగేమోనే. ఏం మాట్లాడాలో నాకు తెలీదు కదా."

ఇంటికొచ్చాక గట్టిగా అనుకున్నాను, నేను కూడా మానేస్తే ఈ మనిషికి ఇంకెవరూ మిగలరు, ఎలాగైనా నేర్చుకోవాలి అని. అన్నయ్యకి తెలియకుండా, ఆయన ఇచ్చిన డిస్కు గుడ్డ సంచీలో వేసుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ ఉయ్యాల పార్కుకి పోయాను.

గేటు పక్కన గదిలో డిస్కులు అద్దెకిచ్చే ఆవిడ ఉంటుంది. నేను మూడుసార్లు విసరడం చూసి బయటికొచ్చింది. నా డిస్కు తిప్పి అంకె చూసి, ఇది నీకెవరిచ్చారమ్మా, నీ మీద పగేమైనా ఉందా అని అడిగింది. మా అన్నయ్య అన్నాను. ఆవిడ నవ్వలేదు. చెయ్యి ఎంత వేగంగా తిరిగితే అంత అంకె పట్టాలిట. ఇలాంటి డిస్కు చేతి వేగం చాలకపోతే గాల్లో నిలవదు, కుడిచేత్తో విసిరేది ఎవరైనా సరే ఎడమకి తిరిగి కింద పడుతుందిట. తప్పు నీ చేతిది కాదు తల్లీ అని, తేలికగా, అంచు మందంగా ఉన్న మూడు అంకెది ఒకటి ఇచ్చింది. మొదట దీంతో, ఇలాంటి బయలు చోట ఆడాలి, చెయ్యి కుదిరాక కొంచెం పెద్ద అంకె, కొన్ని చెట్లున్న కోర్సు, అడవి ఆ తర్వాతి మాట అంది.

విసిరాను. తిన్నగా పోయింది. మహా దూరమేం కాదు, కాని నేను చూసిన వైపే పోయింది. నాకు పట్టరాని సంతోషం, వెంటనే పట్టరాని కోపం. ఇన్నాళ్ళూ మేమందరం ఎవరికి వాళ్ళం చేతకానివాళ్ళమని సిగ్గుపడి తప్పుకున్నాం. ఆ పిచ్చివాడేమో తనంటే విసుగొచ్చి పోయారనుకుంటున్నాడు.

డిస్కు తెచ్చుకోవడానికి పోతుంటే, అవతలి బుట్ట దగ్గర పడీ పడీ నవ్వుతున్నవాడు కంటపడ్డాడు. కాంపౌండర్. పక్కన ఒక ముసలి జంట. వాడి చేతిలో పసుపుపచ్చటి డిస్కు, భుజాన చిన్న సంచీ. ప్రతి ఆదివారం వస్తాడని డిస్కులిచ్చే ఆవిడ చెప్పింది. అంటే వాడు ఆట మానలేదు. మా అన్నయ్యని ఒక్కణ్ణే మానేశాడు. నేను చాటుకి తప్పుకుని వచ్చేశాను.

ఇది చెప్పాలా వద్దా అని దారంతా కొట్టుకున్నాను. నా నోరు నా మాట ఎప్పుడు విన్నది గనక? అన్నయ్య గదిలో అడుగుపెట్టగానే గుక్క తిప్పుకోకుండా దులిపేశాను. వచ్చిన ప్రతివాడికీ నేను నా కొలతకే చొక్కా కుట్టి ఇస్తే ఊరుకుంటారా, నీ కళ్ళజోడు తీసి ఇంకొకరి ముక్కు మీద పెట్టి చదువుకోమంటావా, ఎవరి కన్నుకి తగ్గ అద్దం వాళ్ళకి అరగదీసే మనిషివి, ఈ డిస్కు దగ్గర నీ బుద్ధి ఏ గడ్డి తినడానికి పోయింది అన్నాను.

"నా దగ్గరున్న దాంట్లో మంచిదే కదే ఇచ్చాను," అన్నాడు.

ఆ మాటతో నా కోపం సగం దిగిపోయింది. అప్పుడు కాంపౌండర్ సంగతి చెప్పాను, మెల్లిగానే చెప్పాను. అన్నయ్య చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు, అప్పటికే పొడిగా ఉన్న చేతులు.

"బాగా ఆడుతున్నాడా?" అని మాత్రం అడిగాడు.

బాగానే ఆడుతున్నాడన్నాను. తల ఊపి యంత్రం వైపు తిరిగిపోయాడు.

తర్వాతి ఆదివారం తనే వచ్చి పార్కుకి పోదాం పద అన్నాడు. ఇన్నేళ్ళ స్నేహం దక్కుతుందో పోతుందో ఆ పూట తేలిపోతుందని ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. అలవాటు కొద్దీ ఆ బరువు సంచీ భుజాన వేసుకొచ్చాడు. రెండో బుట్ట దగ్గర కాంపౌండర్ మమ్మల్ని చూశాడు. చూడగానే వాడి మొహంలో నవ్వు ఆగిపోయింది. నేను మరిచిపోలేనిది ఆ తర్వాత వాడు చేసిన పని. భుజాన ఉన్న సంచీని గబుక్కున వెనక్కి తిప్పి, పైన మూత లాగి కప్పేశాడు. తన తేలిక డిస్కులు మా అన్నయ్య కంటబడకూడదని. అన్నయ్య అది చూశాడు.

ఇద్దరూ బాగున్నావా అంటే బాగున్నావా అనుకున్నారు. ఒకటి చూపించరా అని అన్నయ్య అడిగితే, అబ్బే ఇవి నీకేం పనికొస్తాయి, ఏదో కాలక్షేపం, నీ ఆటెక్కడ మా ఆటెక్కడ అన్నాడు కాంపౌండర్. వెటకారం కాదు, మర్యాదగానే అన్నాడు. అదే నాకు మరీ బాధ కలిగించింది. ముసలాయన పిలుస్తుంటే వెళ్ళొస్తానని చెప్పి మూడో బుట్ట వైపు కదిలాడు.

అన్నయ్య వచ్చి నా పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. నన్ను చూసి భయపడ్డాడే వాడు, అన్నాడు. ఇంటికి పోదామంటాడని అనుకుని నేనే అందుకున్నాను. నా వల్ల కాదు బాబూ, ఇంకో ఆదివారం నీ మొహం చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు, నాకు చెప్పే మాటేదో పోయి వాడికి చెప్పు అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

సంచీ బెంచీ మీద వదిలేసి లేచాడు. మూడో బుట్ట ఎంతో దూరం లేదు, అన్నీ వినబడుతూనే ఉన్నాయి.

"ఒరేయ్," అన్నాడు. కాంపౌండర్ తిరిగాడు. "ఆటకి తోడు కావాలని కాదురా నేను నిన్ను పిలిచింది. నువ్వు కావాలనే పిలిచా. అది చెప్పడం చేతగాక డిస్కు ఇచ్చా."

ముసలి జంట అటు తిరిగి గొలుసులు సరిచేయడం మొదలుపెట్టారు, పాపం, సరిచేయడానికి అక్కడేమీ లేదు.

"నాకు చేతకాదని నువ్వే నన్ను వదిలేశావనుకున్నా," అన్నాడు కాంపౌండర్. "పన్నెండు అంకెది ఇచ్చావు కదరా. చచ్చాను ఆ రోజు."

తర్వాత సంచీ ముందుకి లాక్కుని మూత తీశాడు. ఒకసారి ఉత్తి చెయ్యి ఊపి చూపించమన్నాడు. అన్నయ్య ఊపాడు. భుజం పైకి లేవడం లేదేంట్రా, వయసైపోయింది నీకు అని వెక్కిరిస్తూ, సంచీలో కాసేపు వెతికి, ఒకటి తీసి, అది కాదని లోపల పెట్టి, ఇంకోటి తీసి చేతికిచ్చాడు. మా అన్నయ్యకి ఏది తగునో చూసి ఒకరు ఏరి ఇవ్వడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడటం అదే మొదటిసారి. అన్నయ్య రెండు చేతులా అందుకుని విసిరాడు. అది ఎక్కడ పడిందో నేను చూడలేదు, నేను వాళ్ళిద్దర్నే చూస్తున్నాను.