గోడవైపు తిరిగి కూర్చున్న ఆయా

"పిల్లను చెంచా పీట కింద పెట్టుమన్నరు, పెట్టింది. ఇంకేం గావాలె టీచరమ్మా?" అన్నాను నేను.

"పిల్ల నా మాట వినలే ఆయమ్మా. నీ గదుమ చూసింది" అంది సుగుణ టీచరు.

"నా గదుమ ఏం జేసింది?" అని గడ్డం తడుముకున్నాను.

"పీట దిక్కు పోయింది."

అది 1974 ఎండాకాలం. నిజామాబాద్‌లో మాట ఆలస్యమైన పిల్లలకు మాట నేర్పే గదిలో నేను ఆయాను. నా చదువు మూడో తరగతితో ఆగింది. టీచరు నాకంటే వయసులో చాలా చిన్నది, హోదాలో పైది. వస్తువు ఎక్కడుందో చెప్పే మాటలు, అంటే మీద, కింద, లోపల, వెనక, నేర్పడం ఆ నెల పని. బొమ్మలు కొందామని ఆమె చీటీ రాస్తే, దండగ అని ఇంటి నుంచి ఒక పీట, ఖాళీ బిస్కెట్ డబ్బా, చెంచా నేనే తెచ్చాను.

ఆ పిల్ల గంగామణి, ఐదేళ్లది. తల్లి ఎడపల్లి దగ్గర చెరుకు తోటల్లో కూలి. మర్నాడు డాక్టరు గారి పరీక్ష. పిల్ల మాట విని చెప్పినట్టు చేస్తే జూన్‌లో సొంతూరి బడికి పంపుతారు. లేకుంటే తల్లిని విడిచి హైదరాబాద్ హాస్టలుకు పోవాలి. అందుకే నెలంతా పక్కన కూర్చుని నేర్పాను. నేర్చుకుందనే అనుకున్నాను.

టీచరు ఇంక వాదించలేదు. నన్ను గోడవైపు తిరిగి కూర్చోమని, "చెంచా పీట కింద పెట్టు" అని పిల్లకు చెప్పింది. ఎంతసేపటికీ చప్పుడు లేదు. తిరిగి చూస్తే పిల్ల చెంచా పట్టుకుని నా వీపు వైపే చూస్తూ నిలబడి ఉంది.

మా ఇళ్లలో చేతులు ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. ఏదైనా చూపాలంటే గడ్డంతోనే చూపుతాం. తల్లీ అంతే, నేనూ అంతే. పిల్లకు ఆ మాటల అవసరమే పడలేదు.

టీచరు గంజి పెట్టిన చీరతోనే బల్ల కిందికి దూరింది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని "కింద" అంది. బల్ల పైకి ఎక్కించి "మీద" అంది. సాయంత్రం దాకా అదే పని. విసుక్కోలేదు, వేలితో ఒక్కసారి కూడా చూపలేదు. చీర మోకాళ్ల దగ్గర మట్టి కొట్టుకుపోయింది. "ఒళ్లు పోయొచ్చిన జాగ యాదుంటది ఆయమ్మా" అంది నాతో, ఒంటితో తిరిగిన చోటు గుర్తుండిపోతుందని. అంత ఓపిక మరొకరిలో నేను చూడలేదు.

పిల్లకు వచ్చిందో రాలేదో తెలియాలంటే, నేర్పేవాళ్లు ముందు సాయం మానాలి. నాకు ఆ రోజు తెలిసింది ఇదే.

మర్నాడు పొద్దున డాక్టరు గారు వచ్చారు. ఎవరూ చెప్పకముందే గోడవైపు తిరిగాను. "మీద" సరిగ్గా చేసిందని టీచరు చెప్పింది. "వెనక" తప్పింది. ఆయన మూడో మాట చెప్పాక చెంచా నేలకు తగిలిన చప్పుడు వినబడింది.

"ఏడ వెట్టినవే?" అని తిరగకుండానే అడిగాను.

నా వీపుకు చూపించి లాభం లేదు. పిల్ల నోటితోనే "కింద" అంది.

ఒకటి తప్పినా తనంతట తానే చెప్పిందని, డాక్టరు గారు కాగితం మీద ఊరి బడి అని రాశారు.