నిచ్చెన ఎక్కిన బైఫోకల్ అద్దాలు

2018 ఎండాకాలం. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర ఒక కళ్లద్దాల షాపులో రిఫ్రాక్షన్ చేస్తున్నాను. అంటే కంటికి ఏ పవర్ కావాలో పరీక్షించి రాయడం. అప్పటికి తొమ్మిదేళ్ల అనుభవం. నేను రాసిన పవర్ తప్పిందని ఎవరైనా అంటే ఒంటికాలి మీద లేచేదాన్ని.

ఒకరోజు మంచాల అనే ఊరి నుంచి యాదయ్య అనే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. నలభై ఎనిమిదేళ్లుంటాయి. కొంగరకలాన్ వైపు కొత్త ఇళ్లకు వైరింగ్ చేస్తాడు. దూరం, దగ్గర రెండూ మసకే. బైఫోకల్ రాశాను. అందులో పైభాగం దూరం చూపుకు, కింద చిన్న భాగం దగ్గర చూపుకు. అద్దాలు పెట్టి పేపరు చేతికిస్తే గడగడా చదివాడు. నాకు అంతకంటే ఏం కావాలి?

నాలుగు రోజులకే తిరిగొచ్చాడు.

"మేడమ్, నిచ్చెన దిగుతుంటే మెట్టు అలుక్కపోయినట్లు కనవడుతుంది. పైన వైరు జూద్దామంటే తల మస్తు ఎనక్కి వంచాలె."

లెన్సోమీటర్‌లో, అంటే అద్దం పవర్ కొలిచే యంత్రంలో పెట్టి చూశాను. నేను రాసిందే ఉంది. ఇంకేముంది, గెలిచాననుకున్నాను.

"పవర్ కరెక్టే ఉందన్నా. కొత్తల గట్లనే ఉంటది. పదిహేను దినాలు తియ్యకుండ పెట్టుకో, అలవాటైతది" అని పంపేశాను.

రెండు వారాల తర్వాత అతని భార్య బాలమణి వచ్చింది. యాదయ్య నిచ్చెన మీంచి పడ్డాడట. ఎడమ మణికట్టు విరిగింది. నన్ను నిలదీస్తుందని భయపడ్డాను. ఆమె అడిగింది వేరు.

"మేడమ్, కండ్లు పోతున్నయని ఆయన ఫికర్ వెట్టుకున్నడు. ఇగ నిచ్చెన ఎక్కనంటున్నడు. ఇరవై ఏండ్ల సంది గదే పని. కండ్లల్ల ఏసే మందేమన్న ఉందా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఏదో చుక్కల మందు చేతిలో పెట్టి పంపడం సులువే. షాపు పేరూ చెడదు. కానీ నోరు పెగల్చుకుని చెప్పాను.

"అక్కా, ఆయన కండ్లు మంచిగనే ఉన్నయ్. తప్పు నాది."

ఆ ఆదివారం అద్దాలు మార్చి మార్చి చూసే ట్రయల్ ఫ్రేమ్, అద్దాల పెట్టె, టేపు పట్టుకుని మంచాల వెళ్లాను. యాదయ్యను నేల మీదే నిలబెట్టి, బల్బు హోల్డర్ బిగిస్తున్నట్టు కుడిచెయ్యి పైకెత్తమన్నాను. అప్పుడు గానీ నాకు తెలియలేదు. అతని పని తల పైన ఉంది. దగ్గర చూపు అద్దాన్ని నేను బుగ్గ దగ్గర పెట్టాను. దిగేటప్పుడు కిందికి చూస్తే చూపు ఆ అద్దంలోంచే పోతుంది, మెట్టు మసకబారుతుంది. కంటి నుంచి చేతికి ఎంత దూరమో కొలిచి, దానికి సరిపోయే ఒకే పవర్ పెట్టి చూపించాను.

"స్క్రూ గాడి గూడ కనవడుతుంది!" అని యాదయ్య నవ్వాడు.

"ఇవి పనికే అన్నా. నిచ్చెన దిగేముందు తియ్యాలె, సడక్ మీద గూడ పెట్టుకోవద్దు" అన్నాను.

పక్కనున్న బాలమణి తల దించుకుంది. "ఆ అద్దాలు రోజూ తీసేస్తనన్నడు మేడమ్. నేనే వద్దన్న. మేడమ్ పదిహేను దినాలన్నది గదా, పెట్టుకోమని చేతికిచ్చి తోలిన."



చెయ్యి నయమయ్యాక యాదయ్య మళ్లీ పనిలోకి వెళ్లాడు. నేనిప్పుడు ఏం పని చేస్తారని అడిగి ఊరుకోను, చేసి చూపించమంటాను. ఇబ్బందిగా ఉందని తిరిగొచ్చిన మనిషిని ముందు కూర్చోబెట్టి వింటాను, యంత్రం సంగతి తర్వాత. ఆ ఇంట్లో ఇద్దరూ యాదయ్య కళ్లకంటే నా మాటనే ఎక్కువ నమ్మారు. యాదయ్య పడింది అందుకే.